పడవెవరిచ్చారు?

ఆ సమాధి చూడాలన్నది నా పంతం. మా ఆబీకి సుతరామూ ఇష్టం లేదు.

ఆబీ అంటే టర్కీ భాషలో అన్న. మా ఆఫీసు కారు నడిపేవాడు. ఇస్తాంబుల్‌లో నేనున్న రెండేళ్ళూ నాకు నాలుగు ముక్కలు భాష నేర్పింది, కూరగాయల సంతలో నా తరఫున బేరమాడింది, జ్వరమొస్తే మన పప్పుచారుకి పినతల్లి కొడుకులాంటి మెర్జిమెక్ సూపు ఇంటినుంచి కాచి తెచ్చింది అతనే. 2013 ఏప్రిల్ 23న సెలవొచ్చింది. వాళ్ళ పార్లమెంటు మొదలైన రోజది, పిల్లల పండగలా చేసుకుంటారు. గల్లిపోలి అంటే మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాళ్ళూ వాళ్ళ తోడొచ్చినవాళ్ళూ టర్కీ మీద దండెత్తి దిగిన ద్వీపకల్పం. ఇంకో రెండ్రోజులాగితే ఆ యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకోడానికి అక్కడికి ఆస్ట్రేలియా, న్యూజిలాండు జనం వేలకి వేలు దిగుతారు, ఆలోపే వెళ్ళొద్దామన్నాను. ఆబీ ఎగిరి గంతేశాడు. వాళ్ళకది గల్లిపోలి కాదు, చనక్కలే. బళ్ళో పిల్లాణ్ణి లేపి అడిగినా ఆ యుద్ధం గురించి చెప్తాడు.

"అక్కడే ఒక ఇంగ్లీషు ఆఫీసరు సమాధి ఉందిట, అదీ చూద్దాం" అన్నాను.

"ఆయనెందుకు?" అన్నాడు. నిజమే, ఆయనెందుకు? అది చెప్పాలంటే కొన్యా దగ్గర్నించి మొదలెట్టాలి. ఇంకా వెనక్కెళ్తే మా ఊరి దగ్గర్నించి.

మాది తాడేపల్లిగూడెం వైపు. పక్కనే ఉన్న మాధవరాన్ని ఇప్పటికీ మిలటరీ మాధవరమనే అంటారు. రెండు ప్రపంచయుద్ధాలకీ ఆ ఊరి మగవాళ్ళు తరలి వెళ్ళారు. ఆ చుట్టుపక్కల మిలటరీ మావయ్య, మిలటరీ బాబాయి లేని ఇల్లు తక్కువ. మా ఇంట్లో మిలటరీ అంటే మాత్రం పెద్దమామ్మే. మా మామ్మకి సొంత అక్క. పదహారో ఏట పెళ్ళి. ఆయన సైన్యంలో లారీ నడిపేవాడు. పెళ్ళయ్యాక రెండుసార్లు సెలవు మీద వచ్చాడు, మూడోసారి రాలేదు. 1944లో బర్మా కొండల్లో పోయాడని కాగితం వచ్చింది. పిల్లల్లేరు. అప్పట్నించీ చెల్లెలి ఇంట్లోనే ఉండిపోయింది, మా నాన్ననీ తర్వాత నన్నూ పెంచింది. నెలనెలా పింఛను తీసుకోడానికి ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళేది. ఆ ఒక్కరోజూ ఆవిడ నడకే వేరు, వెనకాల మేం పరుగెత్తాల్సొచ్చేది.

ఊళ్ళో ఎవరు విదేశం వెళ్తున్నా ఆవిడ ప్రశ్న ఒక్కటే. నన్నూ అడిగింది. "ఒరే నాన్నా, బర్మా మీంచి ఎల్తావా?"

"లేదు మామ్మా. బర్మా తూర్పున, నేను పడమరకి."

"ఓహో" అని నా పెట్టెలో ఇంకో ఆవకాయ సీసా సర్దింది.

ఇక కొన్యా. ఆఫీసు పనిమీద ఆ ఊళ్ళో మూడు వారాలున్నాను. సాయంత్రాలు ఏం తోచక ఆ ఊరి చరిత్ర తిరగేస్తుంటే గెర్‌ట్రూడ్ బెల్ తగిలింది. ఎడారులు తిరిగి, పురాతన శిథిలాలు తవ్వి, తర్వాత ఇరాక్ రాజ్యం నిలబెట్టడంలో చెయ్యి వేసిన ఇంగ్లీషావిడ. 1907లో ఆవిడ కొన్యా దగ్గరి బిన్‌బిర్‌కిలిసెలో పాత చర్చీల శిథిలాల మీద పనిచేస్తున్నప్పుడు పరిచయమైన అక్కడి బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి, వైస్ కాన్సులే ఈ చార్లెస్ డౌటీ-వైలీ. నేను చూడాలన్న సమాధి ఈయనదే. సైన్యం మనిషి. అప్పటికే మన వాయవ్య సరిహద్దులో చిత్రాల్, తర్వాత సూడాన్, దక్షిణాఫ్రికా, చైనా, సోమాలీలాండ్ చూసొచ్చాడు. భార్య లిలియన్ ఉంది. ఆవిడకిది రెండో పెళ్ళి, మొదటి భర్త ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరుగా ఉంటూ పోయాడు. ఆ మొదటాయన ఇంటిపేరులోని వైలీని ఈయన తన డౌటీకి చేర్చుకున్నాడు. మన దగ్గర మొగుడి ఇంటిపేరు పెళ్ళానికి రావడమే గాని, పెళ్ళాం మొదటి మొగుడి పేరు రెండోవాడు మోయడం నేనెక్కడా వినలేదు. అక్కడే ఆ మనిషి మీద నాకు గురి కుదిరింది.

1909 ఏప్రిల్‌లో అదానాలో ఆర్మీనియన్ల ఊచకోత మొదలైంది. డౌటీ-వైలీ మెర్సిన్‌నుంచి రైల్లో వెళ్ళి, పాత సైనిక దుస్తులు తొడుక్కుని, కొంతమంది టర్కీ సిపాయిలనే వెంటేసుకుని వీధుల్లో తిరిగాడు. కుడి చేతికి తూటా తగిలింది. కట్టు కట్టించుకుని మళ్ళీ వీధిలోకెళ్ళాడు. లిలియన్ గాయపడ్డవాళ్ళకి ఆస్పత్రులు ఏర్పాటు చేసింది. వేలమంది చచ్చిపోయిన ఆ ఊళ్ళో ఈ మొగుడూ పెళ్ళాల వల్ల బతికినవాళ్ళూ ఉన్నారు. మూడేళ్ళకి బాల్కన్ యుద్ధం వచ్చినప్పుడు టర్కీ వైపు క్షతగాత్రులకి రెడ్‌క్రాస్ పని నడిపించాడు. ఆ ప్రభుత్వం అతనికి మెజీదియే పతకం ఇచ్చింది.

ఈ ముక్క చెప్పేసరికి ఆబీ స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. అప్పటికి కేషాన్ దాటి దక్షిణానికి తిరిగాం. "మా పతకం పుచ్చుకుని మా మీదకే దండెత్తి వచ్చాడన్నమాట!"

నా దగ్గర జవాబు లేదు.

ఇస్తాంబుల్‌నుంచి సెద్దుల్‌బహిర్‌కి మూడొందల కిలోమీటర్ల పైనే. గల్లిపోలి కొసనున్న ఊరది, సమాధి ఉన్నది అక్కడే. తెల్లవారుజామున బయల్దేరినా మధ్యాహ్నమైంది. ద్వీపకల్పం కొసకెళ్ళేకొద్దీ రోడ్డుకి రెండువైపులా ఆలివ్ తోపులు, గోధుమ చేలు, చేల గట్ల మీద ఎర్రగా గసగసాల పూలు. గాలి మాత్రం చెప్పలేను, కారు తలుపు తీస్తే చేతిలోంచి లాక్కుంటోంది. ఆబీ ముందు యాహ్యా చావుష్ స్మారకం దగ్గర ఆపాడు. చావుష్ అంటే సార్జెంటు. ఆయనా, ఆయన చేతికింది అరవై చిల్లర మందీ ఆ రేవుని కాచారని వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆబీ రెండు అరచేతులూ పైకి తెరిచి ఫాతిహా చదువుకున్నాడు. నేను చెప్పులు విప్పాలా వద్దా అని తికమకపడి విప్పేశాను. రాళ్ళు గుచ్చుకున్నాయి.

అక్కణ్ణించి కిందకి చూస్తే ఆ రేవు. ఇంగ్లీషువాళ్ళ పటాల్లో వీ బీచ్. నేనేదో మన మచిలీపట్నం తీరంలా చూపు ఆనినంత దూరం ఇసక ఊహించుకున్నాను. ఇదెంతో లేదు, ఈ చివర కేకేస్తే ఆ చివర వినపడుతుంది. సినిమా హాలు లాంటి కట్టడం. ఇసకంతా నేల టిక్కెట్టు. చుట్టూ అర్ధచంద్రంలా లేచిన గట్టు బాల్కనీ. తూర్పు కొసన పదిహేడో శతాబ్దంలో సుల్తాను తల్లి కట్టించిన పాత కోట. బాల్కనీలో తుపాకులతో కూర్చున్నవాళ్ళకి నేల టిక్కెట్టులో చీమ కదిలినా కనపడుతుంది.

అలాంటి చోట 1915 ఏప్రిల్ 25 పొద్దున ఆరు దాటాక దిగారు. కమాండర్ అన్విన్ అనే నావికాధికారికి ఒక ఉపాయం తట్టింది. రివర్ క్లైడ్ అనే పాత బొగ్గు ఓడ పక్కలకి కంతలు కోసి, లోపల రెండువేల మందిని కుక్కి, ఓడనే తిన్నగా ఒడ్డుకి గుద్దేయడం. కంతల్లోంచి బయటకొచ్చి, పడవలు వరస పేర్చిన వంతెన మీంచి పరుగెత్తుకెళ్ళాలి. ఓడ అనుకున్నదాని కంటే దూరంగా ఆగిపోయింది. పడవల వంతెన కొట్టుకుపోతుంటే అన్విన్ తనే నీళ్ళలోకి దూకి తాడు పట్టుకు నిలబడ్డాడు. డబ్లిన్ ఫ్యుసిలియర్లనే ఐర్లండు పటాలంవాళ్ళు ఓడతో పాటే విడి పడవల్లో వచ్చారు. చాలామంది ఒడ్డు తొక్కకుండానే పోయారు. ఓడలోంచి దిగిన ఇంకో ఐర్లండు పటాలం, మన్‌స్టర్ వాళ్ళు వంతెన మీదే రాలిపోయారు. పైన విమానంలో తిరుగుతున్న శాంసన్ అనే అధికారికి తీరం పొడుగునా నీళ్ళు ఎర్రగా కనిపించాయట. మధ్యాహ్నానికి మిగిలినవాళ్ళు ఓడ కడుపులోనే ఉండిపోయారు, చీకటి పడ్డాక గాని దిగలేదు.

ఆ ఓడలో లెఫ్టినెంట్ కల్నల్ డౌటీ-వైలీ ఉన్నాడు. సేనాపతి హామిల్టన్ కొలువులో పని. టర్కీ భాష వచ్చు, టర్కీ మనుషులు తెలుసు, అందుకని తీసుకున్నారు. తుపాకీ పట్టుకుని సిపాయిల ముందు నడవడం అతని ఉద్యోగం కాదు. కాని ఇదేం ప్రయాణమో అతనికి ముందే తెలుసు. దిగడానికి కొద్దిరోజుల ముందు భార్యకి కాదు, అత్తగారికి ఉత్తరం రాశాడు. ఇది ప్రమాదమైన పని అనీ, తనకేమైనా అయితే ఫ్రాన్స్‌లో ఆస్పత్రి నడుపుతున్న లిల్లీ ఒంటరిదైపోతుంది కనక మీరు వెళ్ళి దగ్గరుండాలనీ. మొదటిసారి ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. కాగితం వచ్చిన రోజు మా పెద్దమామ్మ దగ్గర ఎవరున్నారో నేను ఎప్పుడూ అడగలేదు.

అలాగని అతన్ని మరీ పులుకడిగిన ముత్యంలా చెప్పడం కూడా అబద్ధమే. లిల్లీ గురించి అంత దిగులు పడ్డ ఈ మనిషే గెర్‌ట్రూడ్ బెల్‌తో రెండేళ్ళుగా ప్రేమలేఖలు నడుపుతున్నాడు. 1915 ఫిబ్రవరిలో లండన్‌లో ఇద్దరూ నాలుగు రోజులు గడిపారు. పెళ్ళాన్ని వదల్లేదు, ఈవిణ్ణీ వదల్లేదు. ఆ ఉత్తరాలిప్పుడు న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఏప్రిల్ 26 పొద్దున ఒడ్డునున్న జనం కదలడం లేదు. రాత్రంతా తడిసి, ఆఫీసర్లు పోయి, గట్టు చాటున ముడుచుకుపోయారు. డౌటీ-వైలీ, కెప్టెన్ వాల్ఫర్డ్ వాళ్ళని లేపి, ముందు పాత కోటలోకి, తర్వాత ఊళ్ళోకి నడిపించారు. వాల్ఫర్డ్ దార్లోనే పోయాడు. ఊళ్ళో ఇల్లిల్లూ దాటుకుంటూ వెళ్ళి, కాస్త మధ్యాహ్నమయ్యాక 141 అనే గుట్ట మీదకి ఎక్కారు. ఎక్కేదాకా అతని చేతిలో ఉన్నది చిన్న బెత్తం. అంతే, పిస్తోలు కూడా లేదు. టర్కీ వాళ్ళ మీద చెయ్యెత్తడం ఇష్టంలేక ఆయుధం పట్టలేదంటారు. అంటారే గాని, అది అతను చెప్పిన మాట కాదు. ఆఫీసర్లలో బెత్తం పట్టుకుని తిరిగేవాళ్ళు అప్పట్లో ఇంకా ఉన్నారు. గుట్ట చేతికొచ్చింది. సిపాయిలు కేరింతలు కొడుతుండగా తలకి తూటా తగిలి అక్కడికక్కడే పోయాడు. నలభై ఆరేళ్ళు. పడ్డచోటే పూడ్చారు. వాల్ఫర్డ్‌కీ అతనికీ బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకం, విక్టోరియా క్రాస్ ప్రకటించారు. యుద్ధమయ్యాక చెల్లాచెదురుగా ఉన్న సమాధుల్ని ఏరి శ్మశానాలు కట్టినప్పుడు కూడా అతన్ని కదపలేదు. ఆ ద్వీపకల్పం మొత్తం మీద బ్రిటిష్ సామ్రాజ్యపు సైనికుల్లో ఒంటరి సమాధి అతనిదొక్కటే.

ఆ పొద్దు జనాన్ని మింగిన రివర్ క్లైడ్‌ని 1919లో తేల్చి స్పెయిన్‌వాళ్ళకి అమ్మేస్తే, ఆ ఓడ 1966 దాకా సరుకులు మోసింది. ఇనుము గట్టిది.

గుట్ట మీదకి నేను ముందు నడిచాను, ఆబీ వెనకాల ఏదో గొణుక్కుంటూ. మనుషుల్లేరు. ఎక్కడో ట్రాక్టరు చప్పుడు. సమాధి దగ్గర నాకేం చెయ్యాలో తోచలేదు. మన పద్ధతా, వాళ్ళ పద్ధతా? ఊరికే నిలబడ్డాను. ఎవరో తాగి పారేసిన సిగరెట్టు పీకలు, ఒక నీళ్ళ సీసా పడున్నాయి. ఆబీ వంగి పీకలు ఒక్కొక్కటే ఏరి సీసాలో వేశాడు. అయ్యాక "నడుములు" అని మూలిగి, అరచేతులు తెరవబోయి, నా వైపు చూసి, మళ్ళీ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కొసన ఉన్న హెల్లెస్ స్మారకం దగ్గర ఆగాం. సమాధి దొరకని ఇరవైవేల పైచిలుకు పేర్లు ఆ గోడల మీద. మనవాళ్ళెవరైనా ఉంటారని వెతికాను. సింగులున్నారు, గూర్ఖాలున్నారు. 1915 జూన్ 4న ఒక్కరోజే 14వ సిక్కు దళం ముప్పాతిక వంతు దాకా తుడిచిపెట్టుకుపోయింది. పేర్లు చదువుతుంటే మెడ పట్టేసింది. తెలుగు పేరేదీ నా కంటబడలేదు.

మర్నాడు పొద్దున పెద్దమామ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి అప్పటికి ఎనభై ఏడు. చెవులు బాగానే ఉండేవి, పక్కింటి పోట్లాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఏం చూశావురా అంటే ఇదంతా చెప్పాను, గెర్‌ట్రూడ్ సంగతితో సహా. అసలు కథ చివర్లో దాచిపెట్టాను.

"ఆయన పోయిన ఏడు నెలలకి, నవంబరు 17న, ఇంకా యుద్ధం జరుగుతుండగానే, ఓ ఆడమనిషి పడవలో దిగిందట మామ్మా. కోట పక్కనించి గుట్టెక్కి, సమాధి మీద పూలదండ పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయిందట. ఆ యుద్ధం జరిగినన్నాళ్ళూ ఆ నేలమీద దిగిన ఆడమనిషి ఆవిడొక్కతేనట. పెళ్ళామో, ఆ రెండో ఆవిడో ఎవరికీ తెలీదు."

నాకైతే గెర్‌ట్రూడే అయ్యుండాలని ఉండేది. తప్పిపోయిన, గాయపడ్డ సిపాయిల ఆచూకీ కుటుంబాలకి చెప్పే రెడ్‌క్రాస్ ఆఫీసులోనే ఆవిడ ఆ రోజుల్లో పనిచేసేది. ఊళ్ళోవాళ్ళ చావులన్నీ జాబితా రాసి పంపిన మనిషికి తన మనిషి చావు మీద ఏడ్చే హక్కు లేదు. అలాంటావిడ ముసుగేసుకుని సముద్రం దాటి వచ్చిందంటే, కథ ఎంత బావుంటుంది! మామ్మ కూడా "అయ్యో" అంటుందనుకున్నాను.

మామ్మ కాసేపు మాట్లాడలేదు. "ఒక్కణ్ణే పెట్టేరా? పక్కనెవరూ లేరూ?" అంది.

"లేరు."

"ఊఁ." మళ్ళీ ఆగి, "పడవెవరిచ్చేరు?"

"ఏమో మామ్మా, అది తెలీదు."

"యుద్ధంలో ఊరికే పడవెవరిస్తార్రా ఆడమనిషికి? ఎవర్నో అడిగుంటాది. ఎవర్నడిగిందో చూడు, ఎవరో తెలుస్తాది."

అన్నేళ్ళు ఆ కథ చెప్పినవాళ్ళు ముసుగు గురించీ, ప్రేమ గురించీ, పూలదండ గురించీ రాశారు. నేనూ వాటి వెంటే పడ్డాను. ఆ రాత్రి కూర్చుని పడవ సంగతి వెతికాను. సైన్యం దిగిన కొద్దిరోజులకే ఆ రేవు ఫ్రెంచివాళ్ళ చేతికెళ్ళింది. నవంబరులో అక్కడ ఎవరు దిగాలన్నా వాళ్ళ అనుమతి కావాలి. లిలియన్ ఆస్పత్రి నడుపుతున్నది ఫ్రాన్స్‌లో, ఫ్రెంచివాళ్ళకి తెలిసిన మనిషి. గెర్‌ట్రూడ్ సరిగ్గా ఆ రోజుల్లోనే కైరోలో కొత్త ఉద్యోగానికి బయల్దేరే తొందరలో ఉంది, నెలాఖరుకి ఈజిప్టు చేరింది. ఆ తేదీకి ఆవిడ గల్లిపోలిలో ఉండటం కుదిరేలా లేదు. లోతుగా చూసినవాళ్ళు ఎక్కువమంది భార్యవైపే మొగ్గుతారు. ఖాయంగా తేల్చినవాళ్ళు మాత్రం లేరు.

వారానికి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. "పెళ్ళామే అయ్యుంటుందట మామ్మా. ఫ్రెంచివాళ్ళ ఆస్పత్రిలో పనిచేసేది. వాళ్ళే ఇచ్చుంటారు పడవ."

"మరి! పనిచేసిన చోట అడిగుంటాది" అంది, పక్కింటి సంగతి చెప్తున్నట్టు. "రెండోసారి కదూ ఆవిడకి, పాపం. ఎలా అడగాలో తెలిసుంటాది."

నేనేదో అనబోయేలోపు, కొంచెం గొంతు తగ్గించి అంది. "నేను నెలనెలా ఎల్లేను కదరా ఆ పింఛను ఆఫీసుకి. అరవై ఏళ్ళ పైన ఎల్లేను. డబ్బు లెక్కపెట్టుకుని వచ్చేసేదాన్ని. ఆయన్నెక్కడ పెట్టేరో అడగాలని తోచలేదు నాకు."

ఫోన్లో గాలి చప్పుడు. ఎవరో గిన్నె కింద పడేసిన శబ్దం.

"పాలు పొంగుతున్నాయిరా, ఉంటాను" అని పెట్టేసింది.